'ఫెటీగ్స్' అంటే అలసటా, దుస్తులా?

అనురాధ, బర్కత్‌పురా
నేనొక విదేశీ డాక్యుమెంటరీకి తెలుగు ఉపశీర్షికలు రాస్తున్నాను. యంత్రం అనువదించిన ముసాయిదా చేతిలో పెట్టి, "కాస్త సరిచూడండి, చాలు" అన్నారు. మొదట్లోనే ఈ వాక్యం తగిలింది: "అలసటలో ఉన్న సైనికులు గ్రామంలోకి ప్రవేశించారు." తెర మీద చూస్తే వాళ్లు గోడలు దూకుతున్నారు. కాసేపటికి ఇంకో ఆణిముత్యం: "అతను తన అలసటను విప్పి మంచం మీద పడేశాడు."

మూలంలో ఉన్న మాట 'ఫెటీగ్స్'. నిఘంటువులో వెతికితే 'సైనికుల పనిదుస్తులు' అనే అర్థం కూడా ఇచ్చారు. కానీ ఇక్కడ వాళ్లు చేస్తున్నది తోటపని కాదు కదా. ఒంటి మీద మచ్చల మచ్చల మిలటరీ బట్టలు, చేతుల్లో తుపాకులు. అసలు అలసటకూ యూనిఫాంకూ చుట్టరికం ఎలా కలిసింది? తెలుగులో ఏమని రాస్తే చూసేవాళ్లకు చప్పున అర్థమవుతుంది? ఉపశీర్షిక కనుక వివరణలకు చోటు ఉండదు.

మురళి, మెహదీపట్నం
'మిలటరీ డ్రెస్సు' అని రాసేయండి. మా అమ్మమ్మకు కూడా అర్థమవుతుంది. మాకు ఇక్కడ గేటు దాటితే కంటోన్మెంటే. చిన్నప్పటి నుంచీ మిలటరీ వాళ్లను చూస్తున్నాం, ఇంకో మాట అవసరం ఎప్పుడూ పడలేదు.

పాత డెస్కు
మురళి గారూ, అవసరం పడకపోవడానికి కారణం మీరు వాళ్లను చూస్తూ మాట్లాడటం. రాసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. రిపబ్లిక్ డే కవాతులో తలపాగా, నడుముకు పట్టీ, ఛాతీ మీద పతకాలతో నడిచేవాళ్లది మిలటరీ డ్రెస్సే. రాత్రి విందుకు అధికారులు వేసుకొచ్చే పొట్టి కోటూ మిలటరీ డ్రెస్సే. అనురాధ గారు అడిగిన మాట ఈ రెండింటికీ వర్తించదు. మెరుపులు, మెడల్సు, తళతళలాడే గుండీలు ఏవీ లేకుండా, మట్టిలో పాకడానికి వేసుకునే దుస్తులను మాత్రమే ఆ మాటతో పిలుస్తారు.

చుట్టరికం సంగతికి వస్తే, ఆ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అర్థం అలసటే. అయితే సైన్యంలో 'ఫెటీగ్ డ్యూటీ' అని ఒకటి ఉండేది. కందకాలు తవ్వడం, కట్టెలు కొట్టడం, పాకీ పని, సామాను మోయడం వంటి తుపాకీతో సంబంధం లేని చాకిరీ అంతా దాని కిందికి వచ్చేది. ఆ పనికి ఖరీదైన ఎర్రకోటు వేసుకుంటే పాడవుతుంది. అందుకని ముతక బట్టతో విడిగా ఓ జత ఇచ్చేవారు. పని పేరు బట్టకు అంటుకుంది. అలసట అక్కడ పనిదే తప్ప మనిషిది కాదు.

సుబేదార్ (రిటైర్డ్), తిరుమలగిరి
పాత డెస్కు గారు చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ఆయన 'ఉండేది' అన్నారు. ఇప్పటికీ ఉంది. మన సైన్యంలో ఈ మాట దుస్తులకు వాడగా నేను వినలేదు. మాకు ఫెటీగ్ అంటే పనే. సాయంత్రం రోల్‌కాల్లో హవల్దార్ "రేపు పొద్దున ఫెటీగ్" అన్నాడంటే గుండె జారేది. రేషన్ లారీ దించాలి, లైన్ల వెంట గడ్డి కోయాలి, ఇంకేమీ దొరక్కపోతే దారి పక్కన పాతిన ఇటుకలకు జాజు, సున్నం పూయాలి. ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడని కబురొస్తే ఆ ఇటుకలు ఎన్ని కోటింగులు తినేవో. ఉత్తర భారతం వాళ్ల నోట్లో అది 'ఫటీక్' అయ్యేది, మన తెలుగు కుర్రాళ్లు కూడా అలాగే అలవాటు పడేవారు.

ఇక బట్టల విషయం. మచ్చల దుస్తులను మేం 'కాంబాట్' అనేవాళ్లం. "రేపు కాంబాట్‌లో రండి" అంటే చాలు. ఆకుపచ్చ సాదా దుస్తులు 'ఓజీ', అంటే ఆలివ్ గ్రీన్. ట్యాంకుల వాళ్లు, బండ్ల కింద దూరి పనిచేసే మెకానిక్కులు వేసుకునే పైనుంచి కింద దాకా ఒకటే దుస్తులు 'డంగ్రీ'. కవాతుకు వేరే, విందుకు వేరే. అమ్మా అనురాధ గారూ, మీరు ఏ సిపాయినైనా అడగండి, 'ఫెటీగ్స్ వేసుకున్నాను' అని మాత్రం అనడు.

మురళి, మెహదీపట్నం
డంగ్రీ అంటే ఆడపిల్లలు వేసుకునే భుజాల పట్టీల ప్యాంటు అనుకున్నాను!

పాత డెస్కు
అదీ ఇదీ ఒకే వంశం. ముంబయిలోని డోంగ్రీ ప్రాంతం పేరు మీద అక్కడి ముతక నూలు బట్టను డుంగ్రీ అనేవారు. ఓడల్లో అది ఇంగ్లండు చేరింది, నావికుల పనిబట్టలైంది, అమెరికా నౌకాదళం దాకా వెళ్లింది. మన బట్ట పేరే ఊళ్లు తిరిగి మన ట్యాంకుల వాళ్ల దగ్గరికి మళ్లీ వచ్చింది. ఇంకో చమత్కారం కూడా ఉంది. 'ఫెటీగ్' అనే మాటను ఇంగ్లీషుకు అరువిచ్చిన ఫ్రెంచివాళ్లు తమ సైనికుల దుస్తులను ఆ మాటతో పిలవరు. వాళ్లది 'త్రెయ్యి'. అదీ ఒకనాటి ముతక జనపనార బట్ట పేరే.

అనురాధ, బర్కత్‌పురా
సుబేదార్ గారికి నమస్కారం, చాలా ఉపయోగపడింది. కానీ నా చిక్కు సగమే విడింది. చాకిరీకి వేసుకునే బట్ట యుద్ధానికి వేసుకునే బట్ట ఎప్పుడైంది? మా డాక్యుమెంటరీలో వ్యాఖ్యాత అమెరికన్. అతను ఈ మాటను తుపాకులు పట్టుకున్నవాళ్లకే వాడుతున్నాడు.

పాత డెస్కు
అమెరికన్ అయితే కథ సులువుగా దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా సైన్యంలో చాకిరీ దుస్తులు నీలి డెనిమ్‌వి. 1941లో వాటి స్థానంలో హెరింగ్‌బోన్ (చేపముల్లు ఆకారపు) నేత ఉన్న ఆకుపచ్చ నూలు జత వచ్చింది. అదీ పనికే ఉద్దేశించింది. పసిఫిక్ దీవుల్లో ఉక్క, వాన, బురద. ఉన్ని యూనిఫాం వేసుకుని అక్కడ ఎవరు తిరగగలరు? తేలిగ్గా ఉంది, తొందరగా ఆరుతుంది, రంగు కూడా చెట్లలో కలుస్తుంది కనుక సైనికులు ఆ పనిబట్టలతోనే యుద్ధంలోకి దిగారు. బట్ట మారలేదు, పని మారింది, పేరు మాత్రం పాతదే మిగిలింది.

తర్వాత 1952లో 'ఓజీ 107' అనే ఆకుపచ్చ జత వచ్చింది. 107 అన్నది ఆ రంగుఛాయకు వాళ్లిచ్చిన సంఖ్య. వియత్నాం కాలపు ఫొటోల్లో ఎక్కువగా కనిపించే సాదా ఆకుపచ్చ చొక్కా అదే. జనం నోట 'ఫెటీగ్స్' అన్న మాట స్థిరపడింది ఆ తరంతోనే. 1981 నుంచి మచ్చల దుస్తులు వచ్చాయి, వాటికి అధికారికంగా 'బ్యాటిల్ డ్రెస్ యూనిఫాం' అని పేరు పెట్టారు. కాగితాల్లో పేరు మారినా పత్రికలవాళ్లు, సినిమావాళ్లు పాత మాట వదల్లేదు. అందులోనూ తేడాలున్నాయి. అమెరికా మెరీన్ల (అక్కడి ఓ విడి సాయుధ దళం) దుస్తులను 'ఫెటీగ్స్' అంటే వాళ్లు ముఖం చిట్లిస్తారు, వాళ్లకు అవి 'యుటిలిటీస్'. బ్రిటిషువాళ్లు 'కాంబాట్స్' అంటారు. మన సుబేదార్ గారి 'కాంబాట్' వాళ్ల దారిలోనిదే.

కీర్తన, పద్మారావునగర్
నేను కాలేజీలో ఎన్‌సీసీ. ఫెటీగ్ అనే మాట మా క్యాంపులోనూ ఉంది, సుబేదార్ గారు చెప్పిన అర్థంలోనే. వంట గిన్నెలు తోమడం, గుడారాల చుట్టూ కాలువ తవ్వడం. అందులో మనకు దొరికేది అలసటే, దుస్తులు కావు.

మా అన్నయ్య సైన్యంలో ఉన్నాడు. పోయిన సెలవుకు వచ్చినప్పుడు అమ్మ ప్రేమ కొద్దీ వాడి మచ్చల జతను ఉతికి, గంజి పెట్టి, కత్తిలాంటి మడతలతో ఇస్త్రీ చేయించింది. వాడు చూసి "అయ్యో అమ్మా, దీనికి గంజి పెట్టకూడదు" అని తల పట్టుకున్నాడు. ఎందుకో చెప్పమంటే నవ్వేసి ఊరుకున్నాడు. ఇక్కడ ఎవరికైనా తెలుసా?

నూలుపోగు
తెలుసు. నేను జౌళి రంగంలో అద్దకం పని చూసేవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

కంటికి ఆకుపచ్చగా కనిపించడం ఒక ఎత్తు. రాత్రిపూట చూసే పరికరాలకు కూడా ఆకులా కనిపించడం ఇంకో ఎత్తు. బతికి ఉన్న ఆకు పరారుణ కాంతిని చాలావరకు వెనక్కి పంపిస్తుంది. మామూలు ఆకుపచ్చ రంగు అద్దిన బట్ట అలా చేయాలన్న నియమం లేదు. పగలు చెట్టులో కలిసిపోయిన మనిషి, ఆ పరికరంలో చూస్తే చెట్టు ముందు వేరే రంగు బొమ్మలా నిలబడతాడు. అందుకని యుద్ధ దుస్తులకు వాడే రంగులను పరారుణంలో కూడా పరిసరాలకు దగ్గరగా ఉండేలా ఎంచుకుంటారు.

ఇప్పుడు గంజి. ఇస్త్రీ చేశాక గంజి పొర నున్నగా మెరుస్తుంది, ఆ మెరుపే శత్రువు. పైగా దారాల మధ్య సందులు మూసుకుపోయి గాలి ఆడదు, చెమట ఆరదు. డిటర్జెంటు సంగతి ఇంకా చిత్రం. బట్ట తెల్లగా కనిపించడానికి వాటిలో కలిపే పదార్థాలు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి వెలుగుగా తిప్పి పంపుతాయి. లాల్చీకి అది శోభ, కాంబాట్‌కు అది దీపం. అమెరికా సైన్యం తన ఇప్పటి దుస్తులకు గంజి పెట్టడాన్ని నిషేధించింది. కీర్తన గారి అమ్మగారి మడతలు ఎంత బాగున్నా అన్నయ్య తల పట్టుకోవడంలో న్యాయం ఉంది.

నేత గురించి ఒక్క మాట. ఆ బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సన్న గళ్ల లుంగీలో గీతల్లా, కొన్ని మిల్లీమీటర్లకు ఒకసారి లావు దారం అడ్డంగా, నిలువుగా పోతుంది. ముళ్లకంప తగిలి చిరిగినా చిరుగు ఆ లావు దారం దగ్గర ఆగిపోతుంది, బారెడు చీలదు. అన్ని జతలకూ ఈ నేత ఉండదు, కానీ ఉన్నదాన్ని చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

సుబేదార్ (రిటైర్డ్), తిరుమలగిరి
నూలుపోగు గారూ, శాస్త్రం బాగుంది. కానీ మా రోజుల్లో ఓజీకి గంజి పెట్టకపోతే పరేడ్ మైదానంలో తిట్లు తినేవాళ్లం. చొక్కా చేతులు విప్పదీస్తే పటపటమనాలి. ధోబీకి డబ్బులు ఎక్కువిచ్చి మరీ పెట్టించుకునేవాళ్లం. అడవిలో డ్యూటీ వేరు, యూనిట్లో డ్యూటీ వేరు. రెండింటికీ ఒకటే బట్ట ఇస్తే ఈ తంటా తప్పదు.

పాత డెస్కు
ఓజీ 107కూ అమెరికాలో ఇదే తంతు. బ్యారెక్సులో గంజి, కత్తి మడతలు. అడవిలో నలిగిన చొక్కా. పేరేమో పనిబట్టలు!

శర్మ, నల్లకుంట
ఇంతమంది ఇంత చెప్పారు గానీ తెలుగు మాట ఒక్కరూ సూచించలేదు. 'రణవేషం' అంటే ఏం లోటు? రెండే మాటల సమాసం, ఉపశీర్షికలో చక్కగా ఇముడుతుంది.

మురళి, మెహదీపట్నం
శర్మ గారూ, క్షమించండి. 'రణవేషంలో సైనికులు గ్రామంలోకి ప్రవేశించారు' అంటే నాకు కిరీటాలు, గదలు కనిపిస్తున్నాయి. వెనక హార్మోనియం కూడా వినిపిస్తోంది.

కీర్తన, పద్మారావునగర్
పైగా వేషం వేయడం అంటే తెలుగులో నటించడమే కదా. నిజం సైనికులు సైనికుల వేషంలో రావడం ఏమిటి?

పాత డెస్కు
శర్మ గారిని మరీ ఆట పట్టించకండి, ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. నేను పత్రికలో డెస్కు మీద పనిచేసినప్పుడు ఈ మాటతో రోజూ కుస్తీయే. ఏజెన్సీ వార్తలో 'ఆర్మీ ఫెటీగ్స్' అని వచ్చేది. ఉగ్రవాదులు సైనికుల బట్టలు వేసుకుని చొరబడ్డ సందర్భాల్లో 'సైనిక దుస్తుల్లో వచ్చిన ఉగ్రవాదులు' అని రాస్తే అతికినట్టు సరిపోయేది. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి జరిగినప్పుడు మన పత్రికల్లో మీరు చదివినది ఇదే. కానీ అదే మాటను నిజం సైనికులకు వాడితే 'సైనిక దుస్తుల్లో సైనికులు' అవుతుంది. వాళ్లు మరే దుస్తుల్లో ఉంటారు?

అప్పుడు 'ఆలివ్ గ్రీన్ దుస్తుల్లో' అని రాద్దామా అంటే, తెలుగు పాఠకుడి దగ్గర అది వేరే తలుపు తెరుస్తుంది. మన జిల్లాల వార్తల్లో ఏళ్ల తరబడి ఆ మాట వచ్చింది ఎక్కువగా నక్సలైట్ల గురించే. 'ఆలివ్ గ్రీన్ దుస్తుల్లో ఉన్న సాయుధులు ఊళ్లోకి వచ్చారు' అని రాస్తే వరంగల్, కరీంనగర్ పాఠకుడు సైన్యాన్ని ఊహించడు. అది వాళ్లకు అన్నల వార్తే. కాబట్టి రంగు పేరు వాడేముందు ఎవరు చదువుతారో చూసుకోవాలి.

ఖాకీ సంగతీ అంతే. పర్షియన్‌లో, ఉర్దూలో 'ఖాక్' అంటే దుమ్ము, మట్టి. 1846లో పెషావర్‌లో లమ్స్‌డెన్ అనే అధికారి కూడగట్టిన గైడ్స్ దళం ఆ మట్టిరంగు వేసుకోవడంతో అది సైన్యంలోకి వచ్చింది. ఉద్దేశం మట్టిలో కలిసిపోయి కనబడకుండా ఉండటం. ఇప్పుడు? 'ఖాకీల జులుం' అని శీర్షిక పెడితే అది పోలీసుల వార్త అని పసిపిల్లాడికీ తెలుసు. కనబడకుండా ఉండటానికి పుట్టిన రంగు కిలోమీటరు దూరం నుంచే గుర్తుపట్టే రంగైంది.

నూలుపోగు
మరి మచ్చల మాట ఎందుకు వద్దు? జర్మన్లు తమ సైన్యపు దుస్తుల నమూనాను 'ఫ్లెక్‌టార్న్' అంటారు, అందులో 'ఫ్లెక్' అంటే మచ్చే. మన ఇళ్లలో కూడా 'మచ్చల ప్యాంటు' అనే అంటాం. బిడియపడాల్సిన పని లేదు.

కాకపోతే ఒక పరిమితి ఉంది. మచ్చలు లేని కాలం గురించి మాట్లాడుతుంటే ఆ మాట పనికిరాదు. మరుగుకోసం రంగులు పూయడాన్ని ఒక సైనిక విభాగానికి అప్పగించింది 1915లో ఫ్రెంచి సైన్యం. చిత్రకారులను పిలిచి ఫిరంగులకు, గుడారాలకు రంగులేయించారు. సైనికులందరి ఒంటి మీదికి మచ్చలు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఇప్పుడు మచ్చలు కూడా పోయి చిన్న చిన్న చదరాలు వచ్చాయి. కెనడా మొదలుపెట్టింది, 2002లో అమెరికా మెరీన్లు అందుకున్నారు. దూరం నుంచి పెద్ద ఆకారం విరిగిపోవాలి, దగ్గరి నుంచి చూస్తే ఆకుల నలుసుల్లో కలవాలి, రెండు పనులూ ఆ చదరాలు చేస్తాయి. అన్నిసార్లూ చేస్తాయని కాదు. అమెరికా సైన్యం 2004లో అన్ని చోట్లకూ ఒకటే అని బూడిదరంగు చదరాల దుస్తులు తెచ్చింది. అది అడవిలో కలవలేదు, ఎడారిలో కలవలేదు. చివరికి 2015 నుంచి వాటిని పక్కనపెట్టడం మొదలుపెట్టింది. అన్నింటికీ సరిపోయేది దేనికీ సరిపోలేదు.

అనురాధ గారూ, మీ డాక్యుమెంటరీ ఏ కాలానిది?

అనురాధ, బర్కత్‌పురా
1980ల చివర. కాబట్టి మచ్చలే ఉన్నాయి.

అందరి మాటలూ విన్నాక నేను చేసింది చెబుతాను. ఊళ్లోకి వచ్చే దృశ్యంలో 'పోరాట దుస్తుల్లో సైనికులు ఊళ్లోకి వచ్చారు' అని పెట్టాను. 'యుద్ధ దుస్తులు' అని కూడా ఆలోచించాను, కానీ ఆ దేశంలో అప్పుడు యుద్ధం లేదు, అల్లర్లు అణచడానికి వచ్చారు. బట్టలు విప్పి మంచం మీద పడేసే చోట 'యూనిఫాం విప్పి పడేశాడు' అని రాశాను. అక్కడ అది ఏ రకం యూనిఫాం అన్నది తెర మీదే కనిపిస్తోంది. ఇంకోచోట ముసలి సైనికుడొకడు, పాత పెట్టె తెరిచి మడతపెట్టిన జతను చూపిస్తూ ఆ మాట అంటాడు. అక్కడ 'నా మచ్చల చొక్కా' అని రాశాను. నూలుపోగు గారికి ధన్యవాదాలు. ఒకే మాటకు మూడు చోట్ల మూడు మాటలు. మా సమన్వయకర్త ఒకటే మాట వాడాలని పట్టుబడుతున్నాడు, నేను ఒప్పుకోలేదు.

శర్మ, నల్లకుంట
'పోరాట దుస్తులు' నాకు సమ్మతమే. రణవేషం మీద హార్మోనియం వాయించినవారికి కూడా ఆశీస్సులు.

లష్కర్ టైలర్
మాది సికింద్రాబాద్‌లో మా నాన్నగారి కాలం నుంచీ మిలటరీ కుట్టు దుకాణం. ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. కుట్టేవాడి వైపు నుంచి రెండు మాటలు.

2022 జనవరి 15న ఆర్మీ డే రోజున కొత్త కాంబాట్ వచ్చింది. ఢిల్లీలోని ఫ్యాషన్ డిజైన్ సంస్థ నిఫ్ట్ వాళ్లతో కలిసి తయారుచేయించారు. బట్ట నూలు, పాలిస్టర్ కలిపినది, నూలు పాళ్లు ఎక్కువ. పాతదానికీ దీనికీ తేడా దూరం నుంచే తెలుస్తుంది. పాతదాంట్లో చొక్కా ప్యాంటులోకి దోపుకోవాలి, పైన బెల్టు. కొత్తదాంట్లో లోపల గుండ్రటి మెడ టీ షర్టు, దాని మీద చొక్కా బయటికే. వీపు వైపు రెండు మడతలు పెట్టారు, చేతులు ముందుకు చాచినప్పుడు బిగుసుకుపోకుండా ఆ మడతలు విచ్చుకుంటాయి. ఎడమ చేతికి జేబు, ముంజేతి దగ్గర పెన్ను పెట్టుకునే చోటు. ప్యాంటుకు నడుము దగ్గర ఎలాస్టిక్, గుండీలు. తొడలు కలిసేచోట గుడ్డ రెండు పొరలు. పాత ప్యాంట్లు మా దగ్గరికి మరమ్మతుకు వచ్చేవి సరిగ్గా అక్కడే చిరిగి. ఆ రెండో పొర పెట్టమన్నవాళ్లెవరో నేలమీద కూర్చుని లేచిన అనుభవం ఉన్నవాళ్లే అయి ఉంటారు.

ఈ నమూనా మీద సైన్యానికి హక్కు ఉంది, డిజైను రిజిస్టరు చేయించుకున్నారు. బజారులో ఎవరు పడితే వాళ్లు నేసి అమ్మడానికి లేదు. మా దగ్గరికి సినిమావాళ్లు, కాలేజీ పిల్లలు, పెళ్లికి ముందు ఫొటోలు దిగేవాళ్లు వచ్చి అడుగుతుంటారు. గుర్తింపు కార్డు లేకపోతే కొలతల టేపు తీయను. కోపంగా వెళ్లిపోతారు.

కార్యదర్శి, సైనిక్‌పురి
దీని వెనకే నాదొక ప్రశ్న. మా అపార్టుమెంటు సంఘానికి కాపలాదారులను సరఫరా చేసే సంస్థ ఈ నెల నుంచి వాళ్లకు మచ్చల ప్యాంటు, మచ్చల టోపీ, నల్ల బూట్లు ఇచ్చింది. మా నివాసుల్లో సగం మంది రిటైరైన సైనికాధికారులే. ఒక కర్నల్ గారు నిన్న సమావేశంలో లేచి, గేటు దగ్గర కుర్చీలో కునుకు తీస్తున్నవాడి ఒంటి మీద ఆ బట్టలేమిటని నిలదీశారు. ఇది గౌరవం ప్రశ్నా, చట్టం ప్రశ్నా?

నల్లకోటు
రెండూ. చట్టం వరకు నేను చెబుతాను.

సాధారణ పౌరుడికి వర్తించేది భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను. సైనికుడు కానివాడు, తనను సైనికుడని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు లేదా వాటిని పోలినవి వేసుకుంటే మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇది 140వ సెక్షను, జరిమానా 500 రూపాయలు. ఇక్కడ కీలకం ఉద్దేశం. కోఠిలో బండి మీద కొన్న మచ్చల ప్యాంటు వేసుకుని కాలేజీకి వెళ్లే కుర్రాడికి ఆ ఉద్దేశం లేదు, కాబట్టి ఆ ప్యాంటు ఒక్కదానికి అతను దోషి కాడు. అయినా పఠాన్‌కోట్ దాడి తర్వాత సైన్యం పౌరులను అలాంటి దుస్తులు వేసుకోవద్దని, దుకాణదారులను అమ్మవద్దని కోరింది.

కాపలాదారుల విషయంలో మాత్రం ఉద్దేశం దాకా పోనక్కర్లేదు. ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం, 2005లో 21వ సెక్షను ఉంది. ప్రైవేటు గార్డు సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, కేంద్రపు ఇతర సాయుధ దళాలు, పోలీసుల యూనిఫాం గానీ, దాని పోలికలున్న దుస్తులు గానీ వేసుకుంటే ఆ గార్డుకూ, సంస్థ యజమానికీ ఏడాది దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బట్టలు ఎంచింది యజమాని, కానీ కేసులో మొదట పేరు పడేది జీతం తక్కువైన ఆ గార్డుదే. కాబట్టి కర్నల్ గారి కోపం కునుకు తీసేవాడి మీద కాకుండా సంస్థ మీద ఉండాలి.

మరో సంగతి, విదేశాలకు వెళ్లేవాళ్లకు. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ వంటి చోట్ల పౌరులు మచ్చల దుస్తులు వేసుకోవడమే నేరం. పిల్లల బట్టలకు కూడా మినహాయింపు లేదు. క్రికెట్ చూడటానికి వెస్టిండీస్ వెళ్తే ఆ ప్యాంటు ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

కార్యదర్శి, సైనిక్‌పురి
సంస్థ యజమానితో మాట్లాడాను. ఆయన వెంటనే ఒప్పుకుని, "ఆకుపచ్చ మచ్చలు వద్దంటే నీలిరంగు మచ్చలవి ఇస్తాను, అవి ఎవరివీ కావు" అన్నారు. నమూనా కూడా పంపారు. చూడటానికి బాగానే ఉంది. సరేనందామా?

నల్లకోటు
అనకండి. గణేశ్ నిమజ్జనం రోజున ట్యాంక్‌బండ్ మీద బందోబస్తు చూశారా? నీలి మచ్చల దుస్తుల్లో నిలబడేది ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్. అది సీఆర్‌పీఎఫ్‌లో భాగం, అంటే కేంద్ర సాయుధ దళమే. సైన్యం పోలిక తప్పించుకుని సీఆర్‌పీఎఫ్ పోలికలో పడతారు. సెక్షను అదే, శిక్షా అదే.

సుబేదార్ (రిటైర్డ్), తిరుమలగిరి
కార్యదర్శి గారూ, మచ్చలు ఉంటే దొంగ భయపడతాడని ఆ సంస్థ వాళ్లు అనుకుంటున్నారు. దొంగ చూసేది గార్డు కళ్లు తెరిచి ఉన్నాయా లేదా అన్నది. అసలు గేటు దగ్గర ఉన్నవాడు దూరానికి కనబడాలి. కనబడకుండా ఉండేందుకు చేసిన బట్ట అతనికి దేనికి?

కార్యదర్శి, సైనిక్‌పురి
ఇది కర్నల్ గారికి చదివి వినిపించాను, చాలా సంతోషించారు. ఆకాశనీలం చొక్కా, ముదురు బూడిదరంగు ప్యాంటు, రాత్రి డ్యూటీకి వెలుగు పడితే మెరిసే పట్టీల జాకెట్టు అని తీర్మానం చేశాం. ఖర్చు సంస్థదే. లష్కర్ టైలర్ గారూ, సాదా బట్టలు కూడా కుడతారా?

లష్కర్ టైలర్
కుడతాం సార్. దీనికి గుర్తింపు కార్డు అడగను. మనుషులను మాత్రం ఒకేసారి పంపకండి, గేటు ఖాళీ అవుతుంది. పగటి డ్యూటీ వాళ్లు ఒకరోజు, రాత్రి డ్యూటీ వాళ్లు మరోరోజు వస్తే కొలతలు తీసుకుంటాను. ప్యాంటుకు రెండో పొర కావాలో వద్దో వాళ్లనే అడుగుతాను, కుర్చీలో కూర్చునే పనే అయినా స్కూటర్ల మీద వచ్చేవాళ్లే కదా.